ఐదు ఆదివారాల బేరం

మా బావను ఫుట్‌బాల్ జట్టులోంచి తీసేయించింది నేనే. ఊరికే కాదు, లెక్క కట్టి, పట్టిక గీసి, సాక్ష్యం చూపించి మరీ తీసేయించాను. గోదావరిఖని నుంచి జ్యోతినగర్ దాకా ఇంత శాస్త్రీయంగా సొంత అక్క మొగుణ్ణి ఆటలోంచి బయట కూర్చోబెట్టిన మనిషి మరొకడు ఉంటే చూపించండి, మా దుకాణంలో అతనికి నచ్చిన ప్యాంటు బట్ట ఊరికే ఇస్తాను. మా దుకాణంలో ఊరికే ఇవ్వడమనేది ఇప్పటిదాకా జరగలేదు కాబట్టి నా ధీమా ఎంతో మీకు అర్థమయ్యే ఉంటుంది.

మాది బట్టల వ్యాపారం. నాన్న, ఇద్దరు చిన్నాయనలు, మేనమామ, అందరి దుకాణాలూ ఒకే బజారులో వరసగా ఉండేవి. అక్షరాలకన్నా ముందు నాకు నేర్పిన సంగతి, మనసులో ఉన్న రేటు ముఖం మీద కనపడకూడదని. జీతాల రోజు గని కార్మికుడు చీర కొనడానికి భార్యతో వస్తే చీర వైపు చూడకూడదు, ఆమె చెయ్యి ఏ చీర మీద రెండోసారి పడిందో చూడాలి. చూసి, వేరే చీర మడత విప్పాలి. నాకు డిగ్రీలో స్టాటిస్టిక్స్ పేపరు రెండుసార్లు పోయింది గానీ ఈ పరీక్షలో పదేళ్ళకే పాసయ్యాను.

ఆట నాకు రాదు. నా ఒళ్ళు పరుగెత్తడానికి పుట్టింది కాదు. కాలనీ జట్టుకు ఒక ఏడాది జెర్సీలు కుట్టించి ఇచ్చాను, వీపు మీద మా దుకాణం పేరు వేసుకోవాలన్న షరతుతో. అప్పటినుంచి నన్ను మేనేజరు అన్నారు. జట్టులో ఎక్కువమంది గనిలో పనిచేసేవాళ్ళు. మా బావ వాళ్ళందరికన్నా పెద్దవాడు, నలభై ఎనిమిదేళ్ళు. భూగర్భ గనిలో పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టడం ఆయన పని. కర్రతో పైకప్పును కొట్టి, మోత విని, ఎక్కడ గుల్లగా ఉందో చెప్పేవాడు. గ్రౌండులోనూ అంతే. వెనక వరసలో ఆడేవాడు. పరుగు తక్కువ. బంతి ఎక్కడికి రాబోతోందో అక్కడ ముందే నిలబడి ఉండేవాడు. అవతలి కుర్రాళ్ళు ఆయాసపడుతూ వచ్చేసరికి ఈయన పొలం గట్టు మీద ఎవరికోసమో ఎదురుచూస్తున్నవాడిలా కనిపించేవాడు.

గిరాకీ లేని మధ్యాహ్నాలు ఫోనులో వీడియోలు చూసి నేనొక సంగతి తెలుసుకున్నాను. దూరదేశాల్లో కొన్ని క్లబ్బులు ఆటగాళ్ళను కళ్ళతో చూసి కాక అంకెలు చూసి కొంటున్నాయట. నలుగురికీ విలువ తెలియని ఆటగాణ్ణి చవకగా పట్టడం, అందరూ ఎగబడే ఆటగాణ్ణి అమ్మేయడం. చూస్తున్నకొద్దీ నాకు గర్వం పెరిగింది. ఇది మా మేనమామ రోజూ చేసే పనే కదా.

దాంతో మొదలుపెట్టాను. మ్యాచ్ జరుగుతుంటే గోడ మీద ఫోను పెట్టి వీడియో తీసేవాణ్ణి. మర్నాడు దుకాణంలో పదకొండు స్టీలు గిన్నెలు వరసగా పెట్టి, వీడియో చూస్తూ, ఆటగాడు బంతి తాకిన ప్రతిసారీ అతని గిన్నెలో ఒక చింతగింజ వేసేవాణ్ణి. సగం ఆట అయ్యాక గింజలు లెక్కపెట్టి నోటుబుక్కులో రాసి, గిన్నెలు ఖాళీ చేసి మళ్ళీ మొదలు.

"ఏంది సేటు, గిరాకిని ఇడిసిపెట్టి ఓమనగుంటలాడుతున్నవా?" అని టవల్ కోసం వచ్చినవాళ్ళు నవ్వేవారు.

నవ్వినా, మొదటి లెక్కలు పనిచేశాయి. మావాళ్ళకు దూరం నుంచి గోలు మీదికి బలంగా కొట్టడం సరదా. చూడ్డానికి బాగుంటుంది, చప్పట్లు వస్తాయి. నోటుబుక్కు తిరగేసి చూపించాను. అట్లా కొట్టినవి పేజీల నిండా ఉన్నాయి, గోలైంది ఒక్కటే. దగ్గరికి తీసుకెళ్ళి కొట్టినవి తక్కువ, గోల్సన్నీ అక్కడే. కెప్టెన్ గనిలో ఎలక్ట్రీషియన్. తల గోక్కుని, "ఒక నెల సేటు చెప్పినట్టే ఆడి చూద్దాం," అన్నాడు. ఆ నెలలో ఒక్క మ్యాచే ఓడాం. నాలుగు మ్యాచ్‌లను బట్టి ఏదీ తేల్చకూడదని నాకు తెలుసు. ఫుట్‌బాల్‌లో గోల్స్ మరీ తక్కువ, ఒక్క గాలివాటు తన్ను మొత్తం ఆటను తారుమారు చేస్తుంది. ఆ ముక్క కెప్టెన్‌కు మాత్రం చెప్పలేదు. సరుకు అమ్ముడవుతుంటే లోపం ఎవరు చెబుతారు?

బావకు నా గిన్నెలంటే ముచ్చట. సోమవారం మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసినా కళ్ళ అంచున మిగిలిపోయే బొగ్గు గీతతో దుకాణానికి వచ్చేవాడు.

"ఏం బామ్మర్ది, నా గిన్నెల ఎన్నొచ్చినయి?"

"మొదటి సగంల ఇరవై రెండు. రెండో సగంల ఇరవై."

"నలభై ఎనిమిదేండ్లోనికి రెండే తక్కువనా? ఇంకో గింజెయ్యి, మీ అక్క తోడు."

వానలు వెనకబట్టాక ఆ రెండో అంకె తగ్గడం మొదలైంది. ఒక ఆదివారం పద్దెనిమిది, తొమ్మిది. మరుసటి ఆదివారం పదిహేడు, ఏడు. అప్పుడు నేను చేసిన పని గురించి ఇప్పటికీ కొంచెం గర్వంగానే ఉంటుంది, అదే సిగ్గు. రాత్రి డ్యూటీ వారం కాబట్టి అలిసిపోయాడేమోనని షిఫ్టుకు ఒక గడి గీశాను. రాత్రి డ్యూటీ వారంలోనూ, పొద్దుటి డ్యూటీ వారంలోనూ తగ్గుదల ఒకే తీరుగా ఉంది. బలమైన జట్టు ఎదురుపడిందేమో చూశాను, కాదు. గ్రౌండు తడి చూశాను, కాదు. మిగతా పదిమంది గిన్నెలు చూశాను, వాళ్ళవి అట్లాగే ఉన్నాయి. తగ్గుతున్నది ఒక్క బావ గిన్నె. ఒక్కొక్క కారణాన్నీ పద్ధతిగా కొట్టేస్తూ వచ్చాను, పరీక్షలో ఆ రోజు ఇట్లా రాసి ఉంటే ఫస్టు క్లాసు వచ్చేది. చివరికి మిగిలింది వయసు అని రాసుకున్నాను. ఎదురుగా స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్న మనిషిని "బావా, ఒంట్లో బాగుందా?" అని అడగవచ్చని తోచలేదు. నా పట్టికలో ఆ గడి లేదు.

ఎకనామిక్స్ పుస్తకంలో ఒక మాట ఉంటుంది: ఖర్చయిపోయినదాన్ని చూసుకుని ముందరి ఖర్చు చేయకూడదని. ఇరవయ్యేళ్ళుగా ఆడుతున్నాడన్నది ఖర్చయిపోయినది. వచ్చే మ్యాచ్‌లో ఎంత పలుకుతాడన్నదే లెక్క. బావ చోటుకు మరొకణ్ణి తేవాలనుకున్నాను. ఊరికి అవతలి వైపు కాలనీ జట్టులో ఒకడు ఉన్నాడు. ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు మీద డంపర్ నడుపుతాడు. ఎడమ కాలివాడు. వాళ్ళ జట్టు వాణ్ణి ముందు వరసలో ఆడిస్తోంది గానీ, రెండు మ్యాచ్‌లకు గిన్నెలు పెట్టి చూస్తే వాడు వెనక వరసకు పుట్టినవాడని తేలింది. విలువ తెలియని సరుకు. నా చేతులు దురదపెట్టాయి.

వాళ్ళ జట్టు చూసే పెద్దమనిషిని అందరూ కాక అంటారు, గనిలో కార్మికుల మీద ఓవర్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. ఆదివారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను.

"రెండు జతల బూట్లు, ఒక బాలు," అన్నాడాయన. "పోరగాండ్లకు కాళ్ళకు లేవు."

"ఒక్క జత, కాకా. వాడు ఎడమ కాలుతోని తప్ప కొట్టడు."

"ఎడమ కాలోళ్ళు ఈ ఖనిల ఎంతమందున్నరో చూపెట్టు."

"ఒక్క జత."

ఆయన మీసం దువ్వుకున్నాడు. నేను లేచి, చెప్పులు వేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను. మెట్లు దిగేలోపు వెనక్కి పిలుస్తారని మా ఇళ్ళల్లో నమ్మకం. ఆయన పిలవలేదు. పరవాలేదు, వారంలో పిలుస్తాడనుకున్నాను.

అన్నిటికన్నా ముఖ్యం, ఈ బేరం బయటికి పొక్కకూడదు. బావ అలిసిపోయాడని, మాకు వెనక వరసలో మనిషి కావాలని తెలిస్తే ఆ కాక ఇంకో బాలు అడుగుతాడు. అందుకని బావకు చెప్పలేదు, కెప్టెన్‌కు చెప్పలేదు. ఎప్పటిలాగే ఆడించాను. సోమవారం వచ్చి అడిగితే రెండు సగాలూ కలిపి ఒకటే అంకె చెప్పేవాణ్ణి, ఆ కలిపినదానికి కూడా రెండు మూడు గింజలు చేర్చి.

రెండో వారంలో అక్క దుకాణానికి వచ్చింది. రవికె ముక్కలు చూస్తూ, చూడనట్టుగా అడిగింది.

"తమ్మీ, మీ బావ గ్రౌండ్ల మంచిగనే ఉరుకుతున్నడా?"

"ఎందుకక్కా?"

"ఇంట్ల రెండు మెట్లెక్కితె కూసుంటున్నడు. బువ్వ గూడ సగమే. దవాఖానకు పోదాం పా అంటె, ఆదివారం ఆదివారం బాలాడుతున్న గద, రోగమున్నోడు ఆడుతడా అంటడు. నాకేం సమజైతలేదు. నువ్వైతె రాస్తవు గద, ఏమున్నది అండ్ల?"

నోటుబుక్కు గల్లా పక్కనే ఉంది. పదిహేడు, ఏడు. నిన్నటి ఆదివారానిది పదహారు, ఐదు.

"ఏం లేదక్కా. మంచిగనే ఆడుతున్నడు. వయసు మీద పడుతలేదా మరి."

"నిజమేనా?"

"నీతోని అబద్ధం చెప్తనా?"

"గద్దె మీద కూసున్నంక నువ్వు నిజం చెప్పిందెప్పుడు?" అని నవ్వింది. ఆ నవ్వులో బరువు దిగిన మనిషి ఉంది. తర్వాత రవికె ముక్కకు నాతో ఎప్పటిలాగే పోట్లాడి, పది రూపాయలు తగ్గించుకుని వెళ్ళింది. నాతో గెలిచే గిరాకీ ఈ బజారులో ఆమె ఒక్కతే.

కాక ఐదో ఆదివారం పిలిచాడు. ఒక్క జతకే ఒప్పుకున్నాడు. బజారంతా నాదే అన్నట్టుగా ఇంటికి వచ్చాను.

బుధవారం గ్రౌండు పక్కన, బేరం సంగతి నేను చెప్పగానే, కెప్టెన్ నన్ను చాటుకు లాగాడు. "నువ్వే చెప్పు సేటు. నాకు బాల్ తన్నుడు నేర్పిందే ఆయన. నా నోట రాదు." చెప్పాను. బావ గోడ మీద కూర్చుని బూట్ల తాడు విప్పుతున్నాడు. తాడు మీద చెయ్యి ఆగింది.

"ఏంది బామ్మర్ది, నా మాలు పాతదైందా?"

"జ్యోతినగరోళ్ళ మీద సెమీస్ ఉన్నది, బావా. ఉరికేటోడు గావాలె."

"ఏదీ, నీ బుక్కు తే."

ఇచ్చాను. గోళ్ళలో నలుపు ఉన్న వేలుతో పేజీ మీద కింది దాకా గీసుకుంటూ వెళ్ళాడు. పైకప్పు మోత వినేటప్పుడు ఆయన ముఖం అట్లాగే ఉండేదేమో, నేనెప్పుడూ గనిలోకి దిగలేదు.

"గీడికెల్లి తగ్గిన్నా?"

"అవు."

"నెల దాటింది గద. మరి నాకు ఎక్కువెక్కువ చెప్తివి?"

"గా పోరని సంగతి తెగలేదు బావా."

ఆయన నవ్వాడు. కోపం వస్తే బాగుండేది. "నేనేమనుకున్ననో ఎరుకనా? ఒంట్ల నాకే తెలుస్తున్నది, తిన్నది నిలుస్తలేదు, కాళ్ళల్ల సత్తువ లేదు. ఐనా మా బామ్మర్ది కన్ను సూది కన్ను, మాలు పాడైతె ఒక్క పూట ఉంచడు, వాడింకా ఆడిపిస్తున్నడంటె నాకేం కాలేదనుకున్న."

మర్నాడు పొద్దున షేర్ ఆటో ఎక్కి, ఎవరికీ చెప్పకుండా, ఒక్కడే దవాఖానకు వెళ్ళాడు.

ఒంట్లో రక్తం సగమే ఉందన్నారు. అక్కణ్ణుంచి హైదరాబాదు పంపారు. కడుపులో గడ్డ, అప్పటికే కాలేయానికి పాకిందన్నారు. లోపల్లోపల రక్తం కారిపోతోందట, బయటికి కనిపించకుండా. పెద్ద డాక్టరు మంచం పక్కన నిలబడి, అలసట ఎప్పటినుంచని అడిగాడు. అక్క ఒక నెల అంది. బావ ఈ మధ్యనే అన్నాడు. నా దగ్గర తారీఖుతో సహా ఉంది. సంచిలోంచి నోటుబుక్కు తీసి ఇచ్చాను. డాక్టరు చాలాసేపు చూశాడు, మొదట అర్థంకాక, తర్వాత అర్థమై.

"ఇక్కడ బాగా పడిపోయింది కదా. ఇది చూసి మీరేం చేశారు?"

"టీములోంచి తీసేశాను సార్."

"రోగం మీకన్న ముందు మా బామ్మర్దే దొరకవట్టిండు సార్," అన్నాడు బావ మంచం మీదినుంచి. "మందే జర తప్పు రాసిండు."

అక్క నవ్వలేదు. నోటుబుక్కు వైపే చూస్తోంది.

బయట వరండాలో డాక్టరును అడిగాను, నెల ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదని. ఇట్లాంటి వాటిలో నెలతో తేడా ఉండవచ్చు, ఉండకపోవచ్చు, చెప్పలేనన్నాడు. నేను బేరగాణ్ణి కదా, వదల్లేదు. అటో ఇటో ఒక మాట చెప్పమన్నాను. "మీ దగ్గర ఒక్క మనిషే ఉన్నాడు," అన్నాడాయన. "ఒక్కడి మీద ఏం చెప్పగలం?" స్టాటిస్టిక్స్ మొదటి పాఠం అది. రెండుసార్లు తప్పినా ఆ పాఠం నాకు గుర్తుంది.

సెమీస్ ఆయన ఆసుపత్రిలో ఉండగా జరిగింది. కొత్తవాడు ఆ రోజు గ్రౌండులో అందరికన్నా బాగా ఆడాడు. వాడి విషయంలో నా లెక్క తప్పలేదు. ఒకటి సున్నాతో ఓడిపోయాం. వాళ్ళు పక్కకు కొట్టిన బంతి మావాడి మోకాలికి తగిలి మా గోల్లోకే పోయింది. మర్నాడు బస్సెక్కి వెళ్ళి బావకు చెప్పాను.

"గా మోకాలు గోలును నువ్వు బుక్కుల ఎట్ల రాస్తవు?"

"నసీబని రాస్తా."

"దానికి గిన్నె పెట్టలేదా?"

"లేదు బావా."

"పెట్టాలె," అన్నాడు. "ఎవని నసీబు ఎంతున్నదో తెలుస్తుండె," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

దవాఖానకు వెళ్ళిన రోజు నుంచి పదకొండు వారాలు ఉన్నాడు. చివరి వారాలు ఇంటికే తెచ్చాం. కాలనీ జట్టు మొత్తం, అవతలి కాలనీ జట్టు కూడా వచ్చి పాడె వెనక గోదావరి ఒడ్డు దాకా నడిచారు. తిరిగి వస్తుంటే కాక నా పక్కన చేరి, ఏదో ఒకటి మాట్లాడాలన్నట్టు మాట్లాడాడు.

"మొదటి రోజే నువ్వు ఒక్క జత అంటె ఇద్దామనే అనుకున్న బిడ్డా. గింతల్నే లేచి పోతివి. నువ్వే మళ్ళొస్తవని జూసిన. నువ్వు రాకపోతివి, నాకేమో పిలువ నామోషాయె."

ఆయనకు ఏమీ తెలియదు. నా భుజం తట్టి వెళ్ళిపోయాడు.

పదకొండో రోజు అయ్యాక అక్క ఆ నోటుబుక్కు అడిగింది. బావ చేతివేలు తిరిగిన పేజీలని ఉంచుకుంటుందేమోనని ఇచ్చాను. ఆమె తారీఖులు వెతికింది. ఒక పేజీ దగ్గర ఆగింది.

"నేను రవికె ముక్కలకొచ్చింది ఈ వారమే గద, తమ్మీ."

"అవక్కా."

బుక్కు మూసి బీరువాలో పెట్టింది. తండ్రి బదులు కొడుక్కిచ్చే కంపెనీ నౌకరి కాగితాల మీద సంతకాలున్నాయని, ఫొటోలు తేవాలని, ఆ సంగతులు మాట్లాడింది. ఇప్పటికీ మా దుకాణానికే వస్తుంది. బట్ట చూస్తుంది, ఎంత అంటుంది, నేను చెప్పినంత ఇచ్చి వెళ్ళిపోతుంది. తగ్గించమని అడగదు. నేను కావాలని ఎక్కువ చెప్పి చూశాను ఒకసారి, పోట్లాడుతుందేమోనని. డబ్బు లెక్కపెట్టి గల్లా మీద పెట్టింది.

ఇక తేల్చవలసిన లెక్క ఉంది. బావను తీసేయించడమే చెడ్డ పని అన్నట్టు మొదలుపెట్టాను గానీ, ఆ వ్యవహారం మొత్తంలో నేను చేసిన సరైన పని అదొక్కటే. తీసేశాకనే ఆయన దవాఖాన మెట్లెక్కాడు. తప్పు, తీసేయకుండా దాచిన ఐదు ఆదివారాలది. ముందే వెళ్ళి ఉంటే బతికేవాడని రాసుకుంటే నా దుఃఖానికి పెద్ద విలువ వస్తుంది. ఎట్లాగూ బతికేవాడు కాదని రాసుకుంటే నిద్ర వస్తుంది. రెండింటికీ సాక్ష్యం లేదు, కాబట్టి రెండూ రాయను. తెలిసినది మాత్రం రాస్తాను. తెచ్చుకున్నది ఒక మంచి ఆటగాణ్ణి. ఇచ్చింది ఒక జత బూట్లు, మొదటి ఆదివారమైనా అంతే అయ్యేది. మధ్యలో ఖర్చయిన ఐదు ఆదివారాల్లో నా జేబులోంచి పోయింది ఏమీ లేదు. అవి మా బావవి.